ఇన్‌వార్డ్ సెక్షన్‌లో పాత కంప్యూటర్

మా ఆఫీసుకు ఈమెయిల్ వచ్చిందంటే దాని వెనకాలే ఫోను కూడా వచ్చేది. "మెయిల్ పెట్టామండీ, ఒకసారి చూసుకోండి" అని ఏదో ఒక స్కూలు నుంచి హెడ్‌మాస్టరుగారో క్లర్కుగారో చెప్పేవారు. మెయిల్ దానంతట అది చేరుతుందని వాళ్లకు నమ్మకం లేదు. నాకేమో ఇరవై మూడేళ్లు. డిగ్రీలో కంప్యూటర్లు చదివానన్న గర్వం ఒకటి. "మెయిలంటే వెంటనే వచ్చేస్తుందండీ, మళ్లీ ఫోను చెయ్యక్కర్లేదు" అని ఒక్కొక్కరికీ ఓపిగ్గా నేర్పాను. రెండేళ్లలో ఆ ఫోన్లు చాలామటుకు ఆగిపోయాయి. ఆ ఆఫీసులో నేను సాధించిన మొదటి ఘనకార్యం అదేనని అప్పట్లో అనుకునేదాన్ని.

అది కృష్ణా జిల్లాలో పద్నాలుగు స్కూళ్లు నడిపే ఒక క్రైస్తవ విద్యా సంస్థ. దాని హెడ్డాఫీసు విజయవాడ వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్ల మధ్య ఒక పాత మేడ మీద ఉండేది. కింద పొద్దుటినుంచీ తోపుడుబళ్లు, మూటలు దింపే కేకలు. పైకెక్కేసరికి చీరకొంగుకు మిరపకాయల ఘాటు పట్టేది. నేను కంకిపాడు నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా చర్చి పాస్టరుగారు ఒక మాట చెప్పి పెట్టించిన ఉద్యోగం. ఏడు కంప్యూటర్లు, వాటిని కలిపే తీగలు, ఒక ప్రింటరు నా రాజ్యం. అందరూ నన్ను సిస్టమ్ మేడం అనేవాళ్లు.

మెట్లెక్కగానే ఎడంపక్క కిటికీ దగ్గర ఇన్‌వార్డ్ సెక్షన్. సెక్షనంటే ఒక బల్ల, ఒక ఆవిడ. బయటినుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ ఆవిడే విప్పి, రిజిస్టరులో ఎక్కించి, ముద్ర కొట్టి, ఎవరిది వాళ్లకు పంపేది. యాభై దాటిన మనిషి. బందరు దగ్గర సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, పదో తరగతీ టైపూ పాసై ఈ ఉద్యోగంలో చేరిందట. మేమంతా ఆంటీ అనేవాళ్లం. కవరు చేతికి రాగానే చింపేది కాదు. ముందు తిప్పి చూసేది, పోస్టాఫీసు ముద్ర చదివేది, చేతిరాత చూసేది. ఈ రోజుల్లో ఇంత చాదస్తమేమిటా అని నేను లోపల నవ్వుకునేదాన్ని. ఈమెయిళ్లు ఆవిడ రిజిస్టరులోకి ఎక్కేవి కావు. అవి నేరుగా నా దగ్గరికే వచ్చేవి.

ఆ ఏడు పదో తరగతి పిల్లల జాబితాలు తయారుచేస్తున్నాం. పరీక్ష రాసే ప్రతి పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు, అన్నీ ఎక్కించి నెలాఖరుకి పరీక్షల బోర్డుకు పంపాలి. ఒక్క అక్షరం తప్పినా ఆ పిల్లవాడికి జీవితాంతం సర్టిఫికెట్లతో తిప్పలే. మూడు వారాలుగా నేనూ ఇంకో ఇద్దరూ కూర్చుని పన్నెండు స్కూళ్లవి పూర్తిచేశాం. ఆ రోజు భోజనాలయ్యాక కొల్లేరు పక్కనున్న మా స్కూలు హెడ్‌మాస్టరుగారి మెయిల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 'సవరించిన జాబితా జతచేశాం, వెంటనే చూడగలరు' అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. కింద ఒక జిప్ ఫైలు. దాన్ని విప్పితే లోపల మామూలు వర్డ్ ఫైలు బొమ్మ. నొక్కాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. సరే, తర్వాత చూద్దామని వేరే పనిలో పడ్డాను.

పది నిమిషాలకు కంప్యూటరు ఫ్యాను బుస్సుమని తిరగడం మొదలెట్టింది. జాబితాల ఫోల్డరు తెరిచాను. నా కళ్ల ముందే ఫైళ్ల పేర్లు ఒకటొకటిగా మారిపోతున్నాయి. పేరు చివర ఎప్పుడూ చూడని అక్షరాలు చేరుతున్నాయి. లేచి పరిగెత్తి, గోడకున్న పెట్టెలోంచి ఏడు తీగలూ లాగిపారేశాను. అప్పటికే మూడు కంప్యూటర్లలోకి పాకింది. ఫైళ్లు కావాలంటే డబ్బు కట్టమని ఇంగ్లీషులో ఒక నోటీసు తెర నిండా పరుచుకుంది. దాచుకున్న కాపీ ఉంది కదా అనుకున్నాను. ఆ కాపీ ఉన్న డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకే తగిలించి ఉంచేదాన్ని. అదీ పోయింది. యాంటీవైరస్ వేశాను, ఇంకేం కాదులే అన్న ధీమా నాది. ఆ కొత్త రకాన్ని అది గుర్తుపట్టనేలేదు.

కరస్పాండెంటుగారు, అంటే స్కూళ్లన్నిటికీ పెద్ద, రిటైరైన లెక్కల మాస్టరు. ఆయన గదిలోకి వెళ్లి, "వైరస్ వచ్చిందండీ" అన్నాను. ఎక్కడినుంచి అని అడిగారు. కొల్లేరు స్కూలు మెయిల్లోంచి అన్నాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. నేను తెరిచానని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసంతా చప్పుడు లేకుండా ఉంది. కంప్యూటర్లన్నీ ఆపేసి ఉంచాను. ఆంటీ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. బల్ల మీదికి పాత టైపు మిషను ఎక్కించి ఉంది. కాగితం కూడా పెట్టింది గానీ కొట్టడం లేదు. పక్కన కరస్పాండెంటుగారి చేతిరాతలో ఒక చిత్తు. కొల్లేరు హెడ్‌మాస్టరుగారికి మెమో. 'మీ నిర్లక్ష్యం వల్ల' అన్న మాట తలకిందులుగా కూడా నాకు కనపడింది.

"ఇది కొట్టే ముందు నిన్నో మాట అడుగుతా," అంది ఆంటీ. "ఆయన మెయిల్ పంపినట్టు ఫోను చేశాడా?"

"లేదాంటీ."

"నువ్వు చేశావా ఆయనకి?"

"లేదు."

"మరి నొక్కిందెవరు?"

 ఆవిడ కుర్చీ జరిపి కూర్చోమంది. గొంతు తగ్గించి తన సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక టీచరుకు బదిలీ అని బందరు విద్యాశాఖ ఆఫీసు పేరుతో కాగితం వచ్చిందట. లెటర్‌హెడ్డు బాగానే ఉంది, సంతకం బాగానే ఉంది. ముద్ర కొట్టి పంపేసింది. కడుపుతో ఉన్న ఆ టీచరు సామాను సర్దుకుని దివిసీమలో ఇంకో ఊరు చేరింది. తీరా చూస్తే అది ఎవరో కిట్టనివాళ్లు సృష్టించిన కాగితం.

"కవరు మీద పోస్టు ముద్ర చూసుంటే తెలిసేదే. బందరు ఆఫీసు కాయితానికి గుడివాడ ముద్ర ఎందుకుంటది? నేను చూళ్లా. నాలుగు రోజులు నోరెత్తలా. ఆ నాలుగు రోజులూ పాపం ఆ స్కూలు క్లర్కుని అనుమానించారు. ఆయన ఆ తర్వాత నాతో ఎప్పుడూ సరిగ్గా మాట్టాడలేదు." టైపు మిషనులోంచి కాగితం లాగి నా చేతిలో పెట్టింది. "తప్పు జరిగిందని కాదమ్మాయ్ నా బాధ. ఇది వేరేవాళ్ల మీదికి పోకముందే ఎల్లి చెప్పెయ్యి."

ఆ గదికీ ఈ గదికీ మధ్య పదిహేను అడుగులుంటుందేమో. ఎలా నడిచానో గుర్తులేదు. లోపలికి వెళ్లాక మాత్రం ప్రతి మాటా గుర్తుంది.

"సార్, ఆ ఫైలు తెరిచింది నేనండీ. ఆయన్ని అడక్కుండా తెరిచాను. తెరుచుకోకపోతే మళ్లీ నొక్కాను. కాపీ డిస్కు కూడా తీసి పెట్టలేదు. అదీ నా తప్పే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరి నిన్న వైరస్ వచ్చిందన్నావు."

"అవునండీ. నేను తెరిస్తే వచ్చిందండీ."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మా అమ్మకు ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకుంటున్నాను. ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని, మడిచి, చెత్తబుట్టలో వేశారు. "జాబితాలు నెలాఖరుకి ఎల్లాలి. పన్నెండు రోజులుంది. ఎట్టా చేస్తావో చెప్పు," అన్నారు.

స్కూళ్లలో అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. వాటిని చూసి మళ్లీ రాసుకోవడం తప్ప దారి లేదు. స్కూళ్లు పంపిన పాత మెయిళ్లలో సగం వివరాలే దొరికాయి. పుట్టుమచ్చలు మేము ఫోన్లో అడిగి ఎక్కించినవి. ఆంటీ తనంతట తానే వస్తానంది. "కంప్యూటరు నీకు తెలుసు గానీ, ఆ రిజిస్టర్లలో రాత నీకు అర్థం కావద్దూ," అని నవ్వింది.

తొమ్మిది రోజులు ఇద్దరం బస్సుల్లో తిరిగాం. నా జీవితంలో కృష్ణా జిల్లాను అంత దగ్గరగా చూసింది అప్పుడే. చాలా రోజులు హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారేవాళ్లం. అక్కడ లారీల మధ్య నిలబడి టీ తాగి, ఆవిడ సంచీలోంచి తీసిన పులిహోర తినేవాళ్లం. వరి పొట్ట మీదుంది. రోడ్డుకు రెండు పక్కలా కాలవలు నిండుగా పారుతున్నాయి. ఆంటీ కిటికీ పక్కనే కూర్చుంటాననేది. ఏ ఊరొస్తే ఆ ఊరి స్కూల్లో ఏ ఏడు ఎవరు హెడ్‌మాస్టరో, వాళ్లు ఉత్తరం ఎలా మొదలుపెట్టేవారో చెప్పేది. మనుషుల్ని చూడకుండానే ముప్ఫై ఏళ్లుగా వాళ్ల రాతతో కాపురం చేసింది ఆవిడ. ఇప్పుడు ఒక్కొక్కరిని కళ్లతో చూస్తుంటే, "మీరేనా అండీ, మీ 'ళ' చూసి పొడుగ్గా ఉంటారనుకున్నా," అనేది.

పిల్లల్ని వరసలో నిలబెట్టి పుట్టుమచ్చలు అడిగేవాళ్లం. కొందరు మోచేయి చూపేవాళ్లు, కొందరు మెడ. ఒక పిల్ల ఎంత వెతికినా రెండోది దొరక్క ఏడుపు మొహం పెట్టింది. ఆంటీ దాని చెవి వెనక జుట్టు పక్కకు తోసి చూసి, "ఇదిగో, ఇంత మంచిది దాచిపెట్టుకున్నావే," అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లయినా ఆ వెలుగు నాకు గుర్తే.

కొల్లేరు స్కూలుకు ఆఖర్న వెళ్లాం. దాన్ని వెనక్కి జరుపుతూ వచ్చింది నేనే. హెడ్‌మాస్టరుగారు సన్నగా, తెల్లటి చొక్కాలో, గేటు దగ్గరే ఎదురొచ్చారు. మెమో వెళ్లలేదు గానీ మాట మాత్రం ఎలాగో ఆయన దాకా చేరింది. రిజిస్టర్లు బల్ల మీద పెట్టి, నిలబడే అడిగారు.

"నా వల్లే అంతా పోయిందన్నారటండీ?"

"మీ వల్ల కాదండీ. తెరిచింది నేను," అన్నాను. "మీ మెయిల్ పాస్‌వర్డు ఎవరో పట్టేశారు. మీ పేరుతో వాళ్లు పంపారు. మీకు ఒక్క ఫోను చేసుంటే తెలిసిపోయేది."

 "పాస్‌వర్డు స్కూలు పేరేనమ్మా పెట్టుకుంది. మర్చిపోతానని," అన్నారు సిగ్గుపడుతూ. తర్వాత మెల్లగా, "నేను ఇదివరకు ఫోను చేసేవాణ్ణి. మీరే వద్దన్నారు," అన్నారు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, అంతే. నేను తలొంచుకుని రాసుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం వాళ్లింటికి భోజనానికి తీసుకెళ్లారు. వాళ్లావిడ కొర్రమీను పులుసు పెట్టింది. ఆంటీ ముల్లు తీసి పక్కన పెడుతూ, "సముద్రం చేప తిన్న నోటికి చెరువు చేప ఆనదంటారు గానీ, ఇది వేరేనండీ," అంది. వాళ్లావిడ సంతోషపడి ఇంకో ముక్క వేసింది. అప్పటికి నేనూ అన్నం కలుపుకోవడం మొదలెట్టాను.

జాబితాలు గడువుకు ఒక రోజు ముందే వెళ్లాయి. పాడైన కంప్యూటర్లను మొత్తం తుడిచి, అన్నీ కొత్తగా వేశాను. ఆ తర్వాత కరస్పాండెంటుగారు, "ఇంకోసారి రాకుండా ఏం చెయ్యాలి?" అని అడిగారు. నేను రెండు రోజులు ఆలోచించి చెప్పాను. మూలన పడున్న పాత కంప్యూటరొకటి బాగుచేయించి ఆంటీ బల్ల పక్కన పెట్టాం. ఆఫీసుకు వచ్చే మెయిలంతా దాంట్లోనే తెరవాలి. దానికి ఇంటర్నెట్ విడిగా ఉంటుంది, మిగతా కంప్యూటర్లతో తీగ సంబంధం ఉండదు. జతచేసిన ఫైలు ఉంటే, పంపినవాళ్లకు ఆంటీ ఫోను చేసి అడుగుతుంది. వాళ్లు అవునంటేనే రిజిస్టరులో ఎక్కుతుంది. అప్పుడు నేను పరీక్ష చేసి మిగతావాళ్లకు ఇస్తాను. కాపీ డిస్కులు రెండయ్యాయి. పని అవగానే వాటిని తీసి కరస్పాండెంటుగారి ఇనప బీరువాలో పెట్టేవాళ్లం.

ఆంటీకి మౌసు పట్టుకోవడం వారంలో వచ్చింది. ఫైలు పేరు చివరి అక్షరాలు దాక్కోకుండా కనపడేలా పెట్టి, వాటిని చదవడం నేర్పాను. ఏ అక్షరాలుంటే కాగితం లాంటిది, ఏవుంటే నొక్కగానే తనంతట తాను పనిచేసేది అని ఒక అట్ట మీద రాసిచ్చాను. ఆవిడ ఆ అట్ట కంటే మనుషుల్నే ఎక్కువ చదివేది. "ఈయన ఎప్పుడూ 'పూజ్యులైన' అని మొదలెడతాడు. ఇందులో అది లేదు," అని ఆపేది. ఆపినవాటిలో మంచివి కూడా ఉండేవి. ఒక స్కూలు వార్షికోత్సవం ఫొటోలు మూడు రోజులు పక్కన పెట్టిందని అక్కడి హెడ్‌మిస్ట్రెస్ గారు పోట్లాటకు వచ్చారు. డిసెంబరులో పాస్టర్లు పంపే క్రిస్మస్ గ్రీటింగులన్నీ, పాటలు పాడేవి, నక్షత్రాలు మెరిసేవి, ఒక్కటీ లోపలికి రానివ్వలేదు. "దేవుడి శుభవార్త కూడా ఆపేస్తే ఎట్టాగండీ?" అని ఒకాయన కరస్పాండెంటుగారితో మొరపెట్టుకున్నారు. ఆంటీ ఆ పాస్టర్లందరికీ తనే ఫోను చేసి, పేరుపేరునా పండగ శుభాకాంక్షలు చెప్పింది. వాళ్లకు అదే ఎక్కువ నచ్చిందట.

ఒక సోమవారం ఆంటీ మెయిల్ తెరిచేసరికి కరస్పాండెంటుగారే పంపినట్టుగా ఒక ఉత్తరం ఉంది. స్టాఫంతా వెంటనే తెరిచి చూడాలని, కింద ఒక ఫైలు. ఆయన గదిలో ఎవరో పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆంటీ తలుపు తట్టి లోపలికి వెళ్లింది. నేను వెనకాలే ఉన్నాను.

"సార్, నిన్న మీరు మెయిల్ పంపారా అండీ?"

"నేనెక్కడ పంపానమ్మా? తర్వాత మాట్లాడదాం," అన్నారాయన విసుగ్గా.

"సరేనండీ. మీరు కాదని నాకూ తెలుసు. అది ఆదివారం పదిన్నరకి వచ్చింది. ఆ టైముకి మీరు చర్చిలో ముందు బెంచీలో ఉంటారు. అయినా అడగడం రూలు కదండీ."

ఆయన విసుగు పోయి నవ్వారు. ఆ మెయిల్ అన్ని స్కూళ్లకూ వెళ్లింది. ఆంటీ, నేను చెరో ఫోను పట్టుకుని గంటలో పద్నాలుగు చోట్లా తెరవొద్దని చెప్పాం. ఫోను రానిదే ఫైలు తెరవకూడదన్న అలవాటు స్కూళ్లకూ వచ్చేసింది. అప్పటికే పదకొండు స్కూళ్లవాళ్లు తెరవకుండా మా ఫోను కోసమే చూస్తున్నారు, మిగతా మూడు చోట్ల ఇంకా మెయిలే చూడలేదు.

ఈ పద్ధతి నడిచిన నాలుగేళ్లూ ఆఫీసులో ఫోను మోగని గంట లేదు. ఫైలు గురించి మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయేది. ఎవరి పాపకు జ్వరం, ఎక్కడ కాలవకు గండిపడింది, ఏ టీచరుకు సంబంధం కుదిరింది, అన్నీ ఆంటీకి తెలిసేవి. ఒక్కోసారి నేను విసుక్కునేదాన్ని. "ఒక్క ఫైలుకి ఇరవై నిమిషాలా ఆంటీ?" అంటే, "గొంతు పోల్చుకోవద్దూ?" అనేది.

తర్వాత సంస్థ మెయిలంతా ఒక పెద్ద కంపెనీ సర్వీసుకు మారింది. అనుమానం ఉన్న ఫైళ్లను వాళ్ల దగ్గరే ఆపేస్తారు. మా దాకా రానే రావు. మారాలని గట్టిగా చెప్పింది నేనే. అది అవసరం కూడా. మెయిళ్లు రోజుకు వందల్లోకి వచ్చాయి, ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. మార్పు జరిగిన రోజు ఆంటీ కొత్త తెరను కాసేపు చూసి, "ఇది మనకంటే బాగానే చూస్తందే," అంది. అందులో బాధ ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వేసవిలోనే రిటైరైంది.

నేనిప్పుడు వేరే కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. నా కింద ఎనిమిది మంది ఉన్నారు. మా రక్షణలు అప్పటివాటికంటే వెయ్యి రెట్లు గట్టివి. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ముందు నేను తెరిచిన ఫైలు సంగతే చెప్తాను. ఏదైనా నొక్కేశామనిపిస్తే భయపడి దాచొద్దని, మొదటి పది నిమిషాల్లో చెప్తే చాలావరకు ఆపొచ్చని చెప్తాను. వాళ్లు రాసుకుంటారు.

మొన్న వానాకాలంలో ఒకరోజు సెలవు పెట్టి బందరు వెళ్లాను. ఆంటీ అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంటోంది. జుట్టంతా తెల్లబడింది. వాకిట్లో ఎండుచేపలు ఆరబెట్టి, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, నేనే పక్కన చతికిలబడ్డాను. మెయిళ్ల గురించి ఒక్క మాట కూడా రాలేదు. కంకిపాడులో మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, మా అమ్మాయి చదువు గురించి అడిగింది. వాళ్ల చెల్లెలు రొయ్యల వేపుడు చేసింది. ఆకాశం మబ్బు పడితే ముగ్గురం కలిసి చేపలు లోపలికి చేర్చాం. నా చేతులకు ఉప్పు అంటుకుంది. బయల్దేరుతుంటే ఆంటీ ఒక పొట్లం సంచీలో పెట్టి, "బస్సులో పక్కనోళ్లు ముక్కు మూసుకుంటారు, ఏం అనుకోబాక," అంది.

బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ అంతసేపూ నాతోపాటే సన్నటి జల్లులో నిలబడింది.